మందు ఖరీదు అడగబోయే మేనల్లుడికి

పెరంబూరు, చెన్నై.

చిరంజీవి శ్రీకర్‌కు మేనత్త ఆశీస్సులు.

మధుమేహం, రక్తపోటు ఉన్నవాళ్ళు ఈ ఊళ్ళో మందులకు ఎంత ఖర్చు పెడుతున్నారో పరిశోధిస్తానని రాసి, సర్వే కోసం తయారుచేసిన పట్టికను కూడా జతచేశావు. శ్రద్ధగానే చేశావు. కానీ ముప్పయ్యేళ్ళు ఇదే పనిలో గడిపినదాన్ని కాబట్టి అన్నిటికంటే ముందు నాకు కంటపడింది "ధర" అని నువ్వు పెట్టిన ఒంటరి గడి. ఒక మాత్ర కంపెనీ నుంచి స్టాకిస్టుకు, అంటే టోకు వర్తకుడికి, ఒక ధరకు, స్టాకిస్టు నుంచి షాపుకు ఇంకో ధరకు వెళ్తుంది; షీటు మీద ముద్రించే ఎమ్మార్పీ మూడోది, షాపువాడు తగ్గించి తీసుకునేది నాలుగోది, ప్రభుత్వం టెండరులో కొనేది ఐదోది. ఏ ధర రాస్తున్నావో ముందుగా తేల్చుకోకపోతే రెండు నెలల తరువాత నీ లెక్కలు ఒకదానితో ఒకటి పొసగవు.

ఎమ్మార్పీ మీద ప్రభుత్వ నియంత్రణ ఎలా నడుస్తుందో కూడా నువ్వు బాగా చదువుకోవాలి. 1995 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు తయారీ ఖర్చును ఆధారంగా తీసుకునేది. 2013 ఉత్తర్వు ఆ పద్ధతిని మార్చి, అత్యవసర మందుల జాతీయ జాబితాలోని ప్రతి మందుకూ, కనీసం 1 శాతం మార్కెట్ వాటా ఉన్న బ్రాండ్లన్నీ షాపులకు అమ్మే ధరల సగటు తీసి, దానికి 16 శాతం చిల్లర లాభం కలిపి గరిష్ఠ ధరగా నిర్ణయిస్తోంది. అంటే మార్కెట్లో ధరలు ముందే ఎక్కువగా ఉన్న మందుకు పరిమితి కూడా ఎక్కువగానే వస్తుంది. జాబితాలోని మందుల ధరలు ఏటా టోకు ధరల సూచీని అనుసరించి మారతాయి కాబట్టి 2022 ఏప్రిల్‌లో 10.77 శాతం, 2023 ఏప్రిల్‌లో 12.12 శాతం పెంచుకోవడానికి కంపెనీలకు వీలు దొరికింది. జాబితాలో లేని మందులకైతే ఏడాదికి 10 శాతం వరకు పెంచుకోవచ్చు. రెండు మందులు కలిపి ఒకే మాత్రగా చేసినప్పుడు, ఆ రెండూ విడివిడిగా జాబితాలో ఉన్నా, ఆ కలయిక జాబితాకు బయటే ఉండవచ్చు. మధుమేహానికి డాక్టర్లు రాసే చీటీల్లో ఇలాంటి మాత్రలు నీకు చాలా తగులుతాయి, కనుక మందు పేరుతోపాటు మోతాదు, కలయిక కూడా తప్పక రాయి.

సర్వే తేదీని కూడా ప్రతి వరుసలోనూ వేయమని చెబుతున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు ముద్రించిన షీట్లు కొన్నాళ్ళు షాపుల్లోనే ఉండేవి. తేదీ లేని ధర ఎందుకూ పనికిరాదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను, ఎందుకంటే నీ పట్టిక నిన్ను సరిగ్గా అక్కడికే తీసుకువెళుతోంది. నా తొలి సర్వేలో చీటీ మీద రాసిన మాత్రల సంఖ్యను ఎమ్మార్పీతో హెచ్చవేసి, ఆ మొత్తాన్ని "కుటుంబం నెలసరి మందుల ఖర్చు" అని రాసేశాను. నివేదిక అచ్చయింది కూడా. ఆ తరువాత వ్యాసర్పాడిలో ఒకామె చీటీ చూపించింది: రోజుకు రెండు చొప్పున ముప్పై రోజులకు అరవై మాత్రలు. మీరు ఎన్ని కొంటారని అడిగితే, కూలి వచ్చిన రోజు ఐదు కొని, రోజుకొకటి చొప్పున వేసుకుంటానని, అవి అయిపోయాక మళ్ళీ డబ్బు వచ్చేదాకా ఆపేస్తానని చెప్పింది. నా పట్టికలో ఆమె ఎక్కువ ఖర్చు పెట్టే మనిషి. నిజానికి ఆమె ఖర్చు చాలా తక్కువ, అలా తక్కువ కావడమే ఆమె జబ్బు ముదరడానికి కారణం. తక్కువ ఖర్చు కనిపించిన చోట మందు చవగ్గా దొరికిందో, మనిషి మందు మానేసిందో నీ ప్రశ్నలు విడదీయగలగాలి. అందుకని "ఎంత ఇచ్చారు" అని అడిగే ముందు "ఎన్ని కొన్నారు, ఎన్నాళ్ళకు వచ్చాయి, మధ్యలో ఎన్ని రోజులు వేసుకోలేదు" అని అడుగు. ఇక్కడి జనం షీటును "అట్టై" అంటారు. ఆ మాటతోనే అడిగితే జవాబు సూటిగా వస్తుంది. బిల్లు ఉంటే చూపించమను, లేకపోతే మిగిలిన అట్టై ముక్క చూపించమను. వెండి కాగితం మీద ఖాళీ గుంటలు లెక్కపెట్టడం ఎంత నమ్మదగిన పద్ధతో నీకు వెళ్ళాకే అర్థమవుతుంది.

ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళ దగ్గర "సున్నా" అని రాసి ముందుకు పోవద్దు. 1994లో ఏర్పడిన తమిళనాడు వైద్య సేవల సంస్థ మందులను టెండరు మీద మొత్తంగా కొని, జిల్లా గిడ్డంగుల్లో నిల్వచేసి, ఒక్కొక్క ఆసుపత్రికి పాస్‌బుక్కు ఇచ్చి, ఆ ఆసుపత్రికి కేటాయించిన మొత్తం మేరకు మందులు తీసుకునే వీలు కల్పించింది. ఇతర రాష్ట్రాలు అధ్యయనం చేసిన మంచి పద్ధతి అది, అందులో సందేహం లేదు. అయినా ఆ మందు కోసం మనిషి ఒక పూట కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని, క్యూలో నిలబడతాడు. అవి నీ పట్టికలో ఎక్కడా లేవు. తక్కువ ధరకు మందులు అమ్మడానికి రాష్ట్ర ప్రభుత్వ పథకం కింద 2025 ఫిబ్రవరిలో మొదలైన ముదల్వర్ మరుందగం షాపులను మాత్రం మామూలు షాపులతో కలపకుండా వేరుగా రాయి.

పొగ మానాలనుకునేవాళ్ళ గురించి కూడా ఒక భాగం చేరుస్తానన్నావు. సంతోషం, కానీ అక్కడ ధరల లెక్క తలకిందులవుతుంది. పొగ మానడానికి నమిలే నికోటిన్ గమ్ 2022 నాటి అత్యవసర మందుల జాతీయ జాబితాలో చేరింది, 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండానే దొరుకుతుంది. మామూలుగా చెప్పే పద్ధతిలో మొదటి ఆరు వారాలు గంట రెండు గంటలకొకటి చొప్పున, రోజుకు కనీసం 9 నమలాలి. ఆపై క్రమంగా తగ్గిస్తూ 12 వారాలకు ముగించాలి. అంటే ఒక ముక్క ధర అడిగితే నీకు తెలిసేదేమీ లేదు. పైగా సిగరెట్టును బడ్డీ కొట్లో విడిగా ఒక్కటి కొనుక్కోవచ్చు. గమ్‌కు ఆ వెసులుబాటు తక్కువ. రోజుకూలీ మనిషి చేతిలో ఆ పూట ఎంత డబ్బుందన్నదే అక్కడ అసలు ప్రశ్న. నీతో మాట్లాడినవాళ్ళు ఎవరైనా మానాలని ఉందంటే, సిగరెట్టు పెట్టె మీద ముద్రించి ఉండే, మానడానికి సాయం చేసే 1800-11-2356 నంబరు చూపించు. అది సర్వే నియమాలకు అడ్డు కాదు.

చివరిగా నీ ల్యాప్‌టాప్ సంగతి. ఆసుపత్రి బిల్లింగ్ డేటా ఇస్తామన్నారని ఉత్సాహంగా రాశావు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు సైబర్ దాడికి గురైనప్పుడు రోజుల తరబడి అక్కడ పనంతా కాగితాల మీదే నడిచింది. అంత పెద్ద సంస్థకే అలా జరిగితే, పెన్‌డ్రైవులో ఫైలు వేసుకుని బస్సులో తిరిగే నీకు ఇంకెంత జాగ్రత్త కావాలి. పేరు, ఫోను నంబరు, జబ్బు ఒకే ఫైల్లో పెట్టకు. రోగికి ఒక సంకేత సంఖ్య ఇచ్చి, పేర్ల జాబితాను వేరే చోట తాళం వేసి ఉంచు. వాట్సాప్‌లో చీటీల ఫొటోలు పంపుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, మీ గైడు అడిగినా సరే.

పట్టికను ఇంకా అచ్చు వేయించకు. వచ్చే ఆదివారం ఉదయం ఇక్కడికి రా, పక్క వీధిలో పదిళ్ళు తిరిగి పెన్సిలుతోనే నింపి చూద్దాం. ఎవరూ జవాబు చెప్పలేని ప్రశ్నలు ఏవో మధ్యాహ్నం భోజనం వేళకు తేలిపోతాయి.

ఇట్లు,
మీ అత్త