నడక చూసి క్రాసింగ్ చేయించకండి, ఎక్స్‌రే తీయించండి

ప్రశ్న: మాకు చెన్నై రెడ్‌హిల్స్ దగ్గర తోట ఉంది. ఆవులతో పాటు ఒక లాబ్రడార్ ఆడకుక్కను పెంచుతున్నాం. దానికి 14 నెలలు, ఇప్పుడు రెండోసారి హీట్‌లో (ఎదలో) ఉంది. బాగా పరిగెత్తుతుంది, కుంటడం ఎప్పుడూ చూడలేదు. మగకుక్క యజమాని మాత్రం తుంటి, మోచేతి రిపోర్టులు చూపిస్తేనే క్రాసింగ్ అంటున్నారు. నిజంగా అవసరమా? రోజూ కాల్షియం టానిక్ పోస్తున్నాం, అది చాలదా?

జవాబు: ఆయన అడిగింది సబబే. ఈ హీట్‌కు క్రాసింగ్ వద్దు.

తొడ ఎముక తల తుంటి గిన్నెలో బిగువుగా కూర్చోవాలి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ వంటి పెద్ద జాతుల్లో కొన్నిటికి ఈ కీలు వదులుగా ఉంటుంది. ఎదిగేకొద్దీ ఎముకలు ఒరుసుకుని గిన్నె లోతు తగ్గుతుంది, కొన్నేళ్లకు కీళ్లవాతం మొదలవుతుంది. వయసులో ఉన్న కుక్కకు కండ బలం ఉంటుంది కాబట్టి లోపం బయటపడదు. పరుగులో వెనక కాళ్లు రెండూ ఒకేసారి వేస్తే, పొద్దున లేవడానికి తడబడితే అనుమానించాలి. అవి లేవని కీలు బాగున్నట్టు కాదు.

హీట్ సమయంలో హార్మోన్ల వల్ల కీళ్లు వదులయ్యే అవకాశం ఉంది. అందుకే అది తగ్గిన మూడు నాలుగు వారాల దాకా ఎక్స్‌రే తీయించవద్దు. బ్రిటన్‌లోని కుక్కల కీళ్ల పరీక్ష పథకంలో ఏడాది నిండితే తీస్తారు. అమెరికాలో కుక్కల కీళ్ల ఎక్స్‌రేలు పరిశీలించే ఓఎఫ్ఏ సంస్థ రెండేళ్లు నిండాకే తుది గ్రేడు ఇస్తుంది. నేనైతే రెండేళ్లు ఆగమంటాను. అంటే వచ్చే హీట్ కూడా పోతుంది, మీకు కష్టంగానే ఉంటుంది.

మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్లు రెండూ సమానంగా చాచి, మోకాళ్లు లోపలికి తిప్పి తుంటి ఫిల్మ్ తీస్తారు. అది చేతికొచ్చాక కటి ఎముకలో కుడిఎడమల ఉండే రెండు రంధ్రాలు చూడండి. ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా కనిపిస్తే కుక్క వంకరగా పడుకుంది, మళ్లీ తీయమనండి. తేదీ, మైక్రోచిప్ నంబరు ఫిల్మ్‌లోనే పడాలి. పెన్నుతో రాసిచ్చింది లెక్కలోకి రాదు. అదే మత్తులో ముందు కాళ్ల మోచేతులు రెండూ మడిచి తీయించండి, మళ్లీ మత్తు ఖర్చు ఎందుకు? వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రిలో అడగండి.

రిపోర్టులో ‘నార్మల్’ అన్న ఒక్క మాట సరిపోదు, గ్రేడు కావాలి. అంతర్జాతీయ కెన్నెల్ క్లబ్‌ల సమాఖ్య ఎఫ్‌సీఐ పద్ధతిలో తుంటికి ఎ నుంచి ఇ వరకు, మోచేతికి 0 నుంచి 3 వరకు ఇస్తారు. తుంటి ఎ లేదా బి, మోచేయి 0 ఉంటే ముందుకు వెళ్లండి. డి, ఇ వస్తే ఆ కుక్కను ఇంటికే ఉంచుకోండి, కూనలు పెట్టించవద్దు. ఇది చాలా జన్యువులు కలిసి తెచ్చే లోపం కాబట్టి ఎ గ్రేడు జంటకూ చెడ్డ కూనలు పుట్టవచ్చు. ఆంబోతును కొనేముందు తల్లి పాలు, అక్కచెల్లెళ్ల పాలు అడుగుతారు కదా, అలాగే మగకుక్క తల్లిదండ్రుల, తోబుట్టువుల రిపోర్టులూ అడగండి. ఆయన మిమ్మల్ని అడిగారు, మీరూ అడగవచ్చు. కెన్నెల్ క్లబ్ వంశావళి పత్రం దీనికి బదులు కాదు.

కాల్షియం టానిక్ ఆపేయండి. అది వదులు కీలును బిగించదు. పెద్ద జాతి కూనలకు దాణాతో పాటు అదనంగా పోస్తే ఎముకల ఎదుగుదలే దెబ్బతింటుంది. బరువు మీద కన్నేయండి. 48 లాబ్రడార్లను జతలుగా చేసి జరిపిన అధ్యయనంలో, జతలోని తోటి కుక్క కంటే 25 శాతం తక్కువ తిన్న వాటికి తుంటి కీళ్లవాతం తక్కువగా, ఆలస్యంగా వచ్చింది. చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాలి.

కూనలను అమ్మే ఉద్దేశం ఉంటే, కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు తప్పనిసరి. ఎక్స్‌రేకు తీసుకెళ్లే ముందురోజు రాత్రి నుంచి తిండి పెట్టకండి.