చిన్న రీఫ్ ట్యాంకులో శుభ్రం చేసే జీవులు: ఏవి వేయాలి, ఏవి వద్దు

మహబూబ్‌నగర్ నుంచి మీరు అడిగింది ఇదీ: 75 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు, రెండు క్లౌన్ చేపలు, కొన్ని జోయాంథస్ పగడాలు. ఇసుక మీద మేత మిగిలిపోతోంది, గాజుకు పాచి పడుతోంది. షాపతను పది హెర్మిట్ ఎండ్రకాయలు (ఖాళీ నత్త పెంకుల్లో తలదాచుకునేవి), ఒక సముద్ర దోసకాయ (దోసకాయ ఆకారంలో ఉండే మెత్తని సముద్ర జీవి) వేయమన్నాడు. వేయొచ్చా?

వేయకండి. నేను నల్గొండలో ఐదేళ్లుగా దాదాపు ఇదే సైజు ట్యాంకు నడుపుతున్నాను. షాపులో ఏ జీవిని చూపించినా 'ఇది ఏం తింటుంది' అని అడిగి ఊరుకోవద్దు, తిండి అయిపోయిన రోజు దేని మీద పడుతుందో కూడా అడగండి. చిన్న ట్యాంకులో ఆ రోజు తొందరగానే వస్తుంది.

మొదట్లో నేనూ ఎనిమిది హెర్మిట్‌లు తెచ్చాను. నెల రోజుల్లో రాళ్ల మీద పాచి లేకుండా చేశాయి. ఆ తర్వాత ఒక రాత్రి టార్చి వేసి చూస్తే, నీలికాళ్ల హెర్మిట్ ఒకటి ట్రోకస్ నత్తను వెల్లకిలా పడేసి, కాళ్లతో అదిమి పట్టి, లోపలి మాంసాన్ని కొంచెం కొంచెంగా పీకుతోంది. తెల్లారేసరికి ఆ పెంకులో అదే కూర్చుంది, దాని పాత పెంకు పక్కన పడి ఉంది. రెండు నెలల్లో ఆరు నత్తల్లో నాలుగు పోయాయి. ఖాళీ పెంకులు వేస్తే ఈ గొడవ తగ్గుతుందంటారు. కొంత నిజమే, కానీ పెంకుతో ఆకలి తీరదు కదా.

సముద్ర దోసకాయ అసలే వద్దు. అది చచ్చినా, పంపులో చిక్కుకున్నా వదిలే విషం అంత కొద్ది నీళ్లలో చేపల్ని చంపేయగలదు. పైగా మన దేశంలో 2001 నుంచి సముద్ర దోసకాయలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు.

మీ ఇసుక సమస్యకు సరైనది నసారియస్ నత్త. పగలంతా ఇసుకలో పూడుకుని ఉంటుంది, సన్నని గొట్టం ఒక్కటే పైకి కనిపిస్తుంది. రొయ్య ముక్క నీళ్లలో పడిన కాసేపటికే ఇసుక అక్కడక్కడ ఉబ్బుతుంది. ఒక్కొక్కటీ తొండం ఊపుకుంటూ పైకి లేచి, నత్త ఇంత వేగంగా పోతుందా అనిపించేలా మేత వైపు కదులుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. మిగిలిన మేత, చచ్చిన జీవులు దీని తిండి. తిరిగినప్పుడల్లా ఇసుక కూడా కదులుతుంది. పాచిని మాత్రం ముట్టదు, అందుకే చాలామంది దీన్ని తెచ్చి గాజు శుభ్రం కాలేదని నిరాశపడతారు.

పాచికి సెరిత్, ట్రోకస్ నత్తలు తీసుకోండి. ట్రోకస్ వెల్లకిలా పడినా తనంతట తానే తిరగగలదు. ఆస్ట్రేయా నత్తకు అది సాధారణంగా చేతకాదు, పడిన చోటే చచ్చిపోతుంది. పెద్ద టర్బో నత్తలు పగడం ముక్కల్ని దొర్లించేస్తాయి. మార్గరీటా నత్తలు చల్లని సముద్రాలవి, మన ఎండలకు బతకవు.

రొయ్య కావాలంటే క్లీనర్ రొయ్య ఒకటి చాలు. పెప్పర్‌మింట్ రొయ్య అని చెప్పి క్యామెల్ రొయ్యను అంటగట్టే వాళ్లున్నారు, జాగ్రత్త. దాని వీపు మీద గూని, ఒంటి మీద ఎరుపు-తెలుపు గీతలు కనిపిస్తాయి. అది మీ జోయాంథస్‌ను తినేస్తుంది. పెద్ద ఆకుపచ్చ బ్రిటిల్ స్టార్ (సన్నని పొడవాటి చేతులుండే, స్టార్ చేపలాంటి జీవి) రాత్రిపూట నిద్రపోయే చేపల్ని పట్టేస్తుంది. ఇసుక జల్లెడ పట్టే స్టార్ చేపకు మీ ట్యాంకులో తిండి చాలదు, మెల్లగా ఆకలితో చస్తుంది. రాళ్లలో సన్నని ముళ్ల పురుగులు కనిపిస్తే టెన్షన్ పడకండి. చాలావరకు అవి మిగిలిన మేత తినే మంచివే, చేత్తో మాత్రం తాకవద్దు.

నాలుగు నసారియస్, నాలుగు సెరిత్, రెండు ట్రోకస్‌తో మొదలుపెట్టండి. ఒక నెల చూసి, పాచి ఇంకా మిగిలితేనే మరో రెండు కలపండి. గాజు పూర్తిగా శుభ్రమైపోతే నోరి (ఎండబెట్టిన సముద్రపు పాచి) ముక్క ఒకటి రాయికి కట్టి పెట్టండి, లేకపోతే పాచి తినేవి పస్తుంటాయి. చేపల మేత తగ్గించే పని మాత్రం మీదే, అది ఏ నత్తా చేయదు.

కొత్త నత్తలు ఎక్కువగా నీళ్ల తేడాకే చస్తాయి. హైదరాబాద్ నుంచి తెస్తుంటే థర్మోకోల్ డబ్బాలో తెచ్చి, సన్నని పైపుతో చుక్క చుక్కగా మీ ట్యాంకు నీళ్లు కనీసం గంట సేపు కలపండి. వేసవిలో నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు కాదు. అందుకే 1.025 ఉండాల్సిన సాంద్రత పైకి పోతుంది, రోజూ ఉప్పు లేని నీళ్లే పోయాలి. మా జిల్లా బోరు నీళ్ల ఫ్లోరైడ్ సంగతి మీకు తెలిసిందే. నేను ఆర్వో తర్వాత డీఐ ఫిల్టర్ (మిగిలిన లవణాల్ని కూడా తీసేసేది) నుంచి కూడా పోనిచ్చిన నీళ్లు తప్ప ఇంకేవీ వాడను. చేపలకు మందు వేయాల్సి వస్తే అందులో రాగి ఉందేమో చూడండి. ఉంటే వేరే తొట్టిలోనే వేయాలి, రాగి నత్తల్ని, రొయ్యల్ని చంపేస్తుంది.

ఏదైనా నత్త రెండు రోజులుగా కదలకపోతే బయటికి తీసి వాసన చూడండి. కుళ్లిన వాసన వస్తే మళ్లీ ట్యాంకులో పెట్టకండి.