బెంగళూరుకు కొత్తగా వచ్చాం, ఆర్వో కొనాలా, యూవీ సరిపోతుందా?

మారతహళ్లిలో ఇల్లు తీసుకున్నామని, ఏ కంపెనీ ఫిల్టర్ మంచిదో చెప్పమని అడిగారు. కంపెనీ సంగతి తర్వాత. ఆర్వో అంటే మెంబ్రేన్ అనే సన్నటి పొర గుండా నీళ్లను తోసి లవణాలు తీసేసేది, యూవీ అంటే అతినీలలోహిత కాంతితో క్రిముల్ని చంపేది. మీ కుళాయిలో వచ్చేది కావేరి నీళ్లా, బోరువా, ట్యాంకర్‌వా అని ముందు వాచ్‌మన్‌ని అడగండి. చాలా అపార్ట్‌మెంట్లలో మూడూ ఒకే సంపులో కలుస్తాయి.

ఈలోపు ఉచితంగా డెమో ఇస్తామని ఎవరైనా వస్తే మాత్రం గుమ్మంలోంచే పంపించేయండి. మా ఎదురింటి ఆంటీ వాళ్లింట్లో జరిగింది చెప్తాను. ఒక అబ్బాయి వచ్చి టేబుల్ మీద రెండు గాజు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో తను తెచ్చిన ఆర్వో నీళ్లు. కడ్డీలున్న చిన్న డబ్బాను వాటి మీద పెట్టి స్విచ్ వేశాడు. కాసేపటికే కుళాయి నీళ్లలో ఆకుపచ్చ చారలు, తర్వాత గోధుమరంగు తెట్టు, చూస్తుండగానే గ్లాసంతా బురద. ఆర్వో గ్లాసు తేటగానే ఉంది. "ఆంటీ, రోజూ మీరు పిల్లలకు తాగిస్తున్నది ఇదే" అన్నాడు. ఆవిడ ముఖం పాలిపోయింది.

నాకు ఒళ్లు మండింది. వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి ఆర్వో గ్లాసులో కలిపి, "ఇప్పుడు పెట్టు బాబూ" అన్నాను. కుదరదన్నాడు. ఆంటీ గట్టిగా అడిగితే పెట్టాడు. అందులోనూ అదే బురద తేలింది.

ఆ బురద నీళ్లలోది కాదు, కడ్డీలది. ఒకటి ఇనుము, ఇంకొకటి అల్యూమినియం. లవణాలున్న నీళ్లలో కరెంటు పారి ఇనుము కరుగుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు బాగా తక్కువ కాబట్టి ఏమీ కాదు. పసిపిల్లల పేరు చెప్పి భయపెట్టి అమ్మడం అన్యాయం.

నాలుగైదు వందలు పెట్టి టీడీఎస్ మీటర్ కొనుక్కోండి. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాలు వగైరా మొత్తం. మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగేనీటిలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు లేని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. అచ్చంగా కావేరి నీళ్లే అయితే అంత రాదు, యూవీతో పాటు యూఎఫ్ (లవణాల్ని తీయకుండా మలినాల్ని వడకట్టే పొర) ఉన్న ఫిల్టర్ చాలు. 500 లోపు ఉన్నచోట ఆర్వో వద్దని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునలే కేంద్రానికి చెప్పింది. బోరు, ట్యాంకర్ నీళ్లై 500 దాటితే ఆర్వోనే తీసుకోండి. కానీ మీటర్ క్రిముల్ని చూపించదు, ఎక్కువైతే హాని చేసే నైట్రేట్ ఎంతుందో విడిగా చెప్పదు. బెంగళూరు బోర్లలో నైట్రేట్ గొడవ ఉంది కాబట్టి ఒకసారి ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

2024 ఎండాకాలంలో బోర్లు ఎండి జనం ట్యాంకర్ల కోసం పడిగాపులు పడుతుంటే, ఇంటింటా ఆర్వోలు గ్లాసు నీళ్లకు రెండు మూడు గ్లాసులు సింకులో పారబోశాయి. తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఆ నీళ్లు బయటికొచ్చే పైపు కింద బకెట్ పెట్టండి, ఇల్లు తుడవడానికి పనికొస్తాయి.

మెషిన్ బయట ఉండి నీళ్లను ముందుగా వడకట్టే తెల్ల క్యాండిల్‌ని తరచూ చూస్తుండండి. ట్యాంకర్ నీళ్లకైతే తొందరగా డికాక్షన్ రంగుకు వస్తుంది, అప్పుడు మార్చేయండి. ఖర్చు తక్కువ, లోపలి మెంబ్రేన్ ఎక్కువ కాలం నిలుస్తుంది. సర్వీసు అబ్బాయి మెంబ్రేన్ పోయిందంటే వెంటనే డబ్బులు తీయకండి. లోపలికి వెళ్లే నీళ్లు, బయటికొచ్చే నీళ్లు రెండూ మీటర్‌తో చూసి నెలనెలా క్యాలెండర్ మీద రాసుకుంటూ ఉండండి. లోపలికి వెళ్లే నీళ్లు మారకుండా బయటికొచ్చే నీళ్ల అంకె మాత్రం పెరుగుతూ వస్తుంటేనే మార్పించండి. విప్పేది, బిగించేది మీ కళ్లముందే జరగాలి.