నీ లిస్టు చూశాను నాయనా

అనంతపురం

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన కంప్యూటర్ పార్టుల లిస్టు రెండుసార్లు చదివాను. యాభై వేలలో సిస్టమ్ నీ చేత్తోనే బిగించుకోవాలన్న పట్టుదల నాకు చాలా నచ్చింది. కానీ ఆ లిస్టు ఉన్నది ఉన్నట్టు కొంటే ర్యామ్ స్లాట్‌లో కూర్చోదు. ర్యామ్ మార్చుకున్నా స్క్రీన్ మీద ఏమీ రాదు. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను.

నువ్వు ఎంచుకున్న ప్రాసెసర్ ఇంటెల్ ఐ5 12400ఎఫ్. చివర ఆ 'ఎఫ్' ఉందంటే అందులో గ్రాఫిక్స్ లేదని అర్థం. గ్రాఫిక్స్ కార్డు వచ్చే ఏడాది కొంటానంటున్నావు. అప్పటిదాకా మానిటర్‌కు బొమ్మ ఎక్కడి నుంచి వస్తుంది? కాస్త ఎక్కువైనా ఎఫ్ లేని 12400 తీసుకో. ఇక మదర్‌బోర్డు. నువ్వు రాసిన హెచ్610 బోర్డు డీడీఆర్4 రకం ర్యామ్‌కు చేసింది, నీ ర్యామేమో దాని తర్వాతి తరం డీడీఆర్5. రెండింటికీ గాటు వేరువేరు చోట్ల ఉంటుంది, బలవంతంగా నొక్కితే స్లాటే విరుగుతుంది. హెచ్610 పేరుతో రెండు రకాల బోర్డులూ వస్తాయి కాబట్టి డబ్బా మీద ఏ డీడీఆర్ అని ఉందో చదివాకే డబ్బులు ఇవ్వు.

ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ సంగతి కూడా అడిగావు. కార్డు కొనే ఉద్దేశమే లేకపోతే రైజెన్ 5 5600జీ తీసుకోమనేదాన్ని. దానిలోపలి గ్రాఫిక్స్ ఈ 12400లో ఉన్నదానికంటే బాగా మెరుగు. నువ్వు కార్డు కొంటావు కాబట్టి 12400 వైపే మొగ్గుతాను. ఒక్క సంగతి మాత్రం తెలిసి కొను. దాని సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గడి, ఎల్‌జీఏ 1700 రకం. 12, 13, 14 జనరేషన్లతో ఆ వరస ఆగిపోయింది, 2024లో ఇంటెల్ వేరే సాకెట్‌కు మారింది. నాలుగేళ్ల తర్వాత బోర్డు అలాగే ఉంచి కొత్త ప్రాసెసర్ వేసుకోవాలనుకుంటే 2022లో వచ్చిన ఏఎండీ వాళ్ల ఏఎం5 సాకెట్ మంచిది. అయితే దానికి డీడీఆర్5 తప్పదు, ఈ బడ్జెట్‌లో ఇరుకవుతుంది.

ఇప్పుడు నాకు బాధ కలిగించిన లైను. 'క్యాబినెట్ 6000, గాజు, లైట్లు, ఎస్ఎంపీఎస్ ఫ్రీ' అని రాశావు. నాయనా, ఎస్ఎంపీఎస్ అంటే గోడ కరెంటును సిస్టమ్‌కు కావలసినట్టు మార్చి ఇచ్చే పెట్టె. ఆ ఫ్రీ ఎస్ఎంపీఎస్ నాకు ఎంత ఖరీదైందో చెబుతాను.

క్లాక్ టవర్ దగ్గర సందులో నా డీటీపీ సెంటర్ నీకు గుర్తుండే ఉంటుంది. 2006 మే నెల, పెళ్లిళ్ల సీజన్. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన ఎస్ఎంపీఎస్‌తోనే నడుపుతున్నాను. యూపీఎస్ బ్యాటరీ పోతే, రేపు మార్చుదాంలే అని సిస్టమ్‌ను నేరుగా కరెంటుకు పెట్టాను. మధ్యాహ్నం కరెంటు పోయి ఒక్కసారిగా వచ్చింది. టప్పుమని శబ్దం, కాలిన వాసన. మదర్‌బోర్డు, హార్డ్ డిస్క్ రెండూ పోయాయి. ఆ డిస్కులో ముప్పైకి పైగా శుభలేఖలు ఉన్నాయి. మూడు రాత్రులు కూర్చుని మళ్ళీ టైపు చేశాను. ఒక ఇంటివారికి ముహూర్తానికి నాలుగు రోజుల ముందు కార్డులు ఇవ్వగలిగాను. ఆ పెళ్లికూతురి తండ్రి ముఖం ఇప్పటికీ మరిచిపోలేదు.

అందుకే చెబుతున్నా, ఎస్ఎంపీఎస్ పక్కన అతికించిన లేబుల్ చదవడం నేర్చుకో. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంటుంది. దాన్ని వదిలెయ్. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూడు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తాగేది ఆ 12 వోల్టుల నుంచే. అక్కడ 15 ఆంపియర్లు ఉంటే, 12ను 15తో గుణించు, 180 వాట్లే. మంచి 550 వాట్ల దానికి అదే గడిలో 40 ఆంపియర్ల పైన కనిపిస్తుంది. కరెంటు తక్కువ వృథా చేస్తుందని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు, ఐదేళ్ల వారంటీ ఉన్న 550 వాట్లది తీసుకో. రేపు మధ్యరకం గ్రాఫిక్స్ కార్డు పెట్టినా మార్చే పని ఉండదు.

ఆ ఖర్చు క్యాబినెట్‌లో మిగుల్చుకో. గుత్తిలో ఎండాకాలం మీ మిద్దె పైగది ఎలా కాగుతుందో నీకే తెలుసు. ముందు నిండా గాజు ఉన్న క్యాబినెట్‌లోకి గాలి ఎక్కడి నుంచి పోతుంది? ముందు జాలీ, దాని వెనక ఊడదీసి కడుక్కునే డస్ట్ ఫిల్టర్ ఉన్నది చూడు. ఆషాఢం గాలికి మన దగ్గర దుమ్ము ఎలా లేస్తుందో చెప్పక్కర్లేదు కదా. ఆ నెలల్లో పదిహేను రోజులకోసారి ఫిల్టర్ కడుగు. నేల మీద పెట్టొద్దు, ఒక అడుగు ఎత్తులో పెట్టు.

ర్యామ్ 16 జీబీ వెయ్యి. యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, అందులో ఫోన్ లాగా పనిచేసే ఎమ్యులేటర్ నడిపితే 8 చాలదు. ఒకటే 16 కాకుండా రెండు 8లు తీసుకో. కార్డు లేనప్పుడు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది, రెండు స్టిక్కులుంటే దానికి దారి రెండింతలవుతుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి పాత వీడియోలో చూసిన రేటు పట్టుకుని షాపువాళ్లతో వాదించొద్దు.

స్టోరేజీకి 500 జీబీ ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ చాలు. అదే ఎం.2 అనే చిన్న పట్టీ ఆకారంలో సాటా రకం కూడా ఉంటుంది, అది చాలా నిదానం. ఆ తేడా ఒక్కటి చూసుకో.

షాపులో 'ఐ7 సిస్టమ్, 16 జీబీ ర్యామ్, పన్నెండు వేలే' అంటే టెంప్ట్ అవ్వొద్దు. అవి చాలావరకు ఐ7 2600, 3770 లాంటివి, 2011, 2012 నాటివి. 2022లో వచ్చిన ఐ3 12100 కూడా వాటికంటే వేగం. పైగా విండోస్ 11కు ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచే అధికారికంగా అనుమతి ఉంది, విండోస్ 10కు సపోర్ట్ 2025 అక్టోబర్‌లో ఆగిపోయింది. జీటీ 730 గ్రాఫిక్స్ కార్డు అంటగట్టినా వద్దను. అది 2014 నాటిది.

కంప్యూటర్ పార్టుల షాపులుండే బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోతానంటే పో, రేట్లు చూసి రా. కానీ బోర్డు, ఎస్ఎంపీఎస్ మాత్రం అనంతపురంలో కొంటే నాకు ధైర్యం. పాడైతే మళ్ళీ రెండు వందల కిలోమీటర్లకు పైగా మోసుకుపోవాలి. ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు తీసుకుని, దాని మీద సీరియల్ నంబర్లు రాయించు. ప్రాసెసర్ సీలు వేసిన డబ్బాలోదే కావాలను. విడిగా ఇచ్చేదానికి కంపెనీ మూడేళ్ల వారంటీ వస్తుందని నమ్మకం లేదు.

ఇంకొక్క ఖర్చు నీ లిస్టులో లేనే లేదు, యూపీఎస్. డబ్బా మీద 600 వీఏ అని ఉన్నది సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది. కార్డు లేనంతవరకు నీకు సరిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా అంటావేమో, దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందా చూడు. అది లేకపోతే కరెంటు మారే క్షణంలో సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది.

వీటన్నింటికంటే ముందు మీ నాన్నతో చెప్పి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించు. నువ్వు సిస్టమ్ పెట్టబోయే ప్లగ్గులో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటర్‌తో చూడమను. రెండు మూడు వోల్టులకు మించి చూపిస్తే ఎర్త్ గుంత బాగు చేయించండి. పోయినసారి వచ్చినప్పుడు మీ ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే నాకు చురుక్కుమంది.

దిద్దిన లిస్టు నాకు మళ్ళీ పంపు. సామాన్లు వచ్చాక డబ్బాలు విప్పకుండా ఉంచు, ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. స్క్రూడ్రైవర్, థర్మల్ పేస్టు నేనే తెస్తాను. బిగించేది నువ్వే, నేను పక్కన కూర్చుంటాను.

మీ అత్త