ఎముక విరగలేదు సరే, మూత్రం రంగు ఎందుకు మారింది?

ప్రశ్న: నా వయసు 41. గోడౌన్‌లో పనిచేస్తాను. నాలుగు రోజుల క్రితం సరుకు నింపిన ట్రాలీ వెనక్కి జారి నా కుడి తొడను గోడకు నొక్కేసింది. దాన్ని లాగేసరికి పావుగంట పట్టింది. ఎక్స్-రేలో ఎముక బాగానే ఉందన్నారు. తొడంతా నల్లగా కమిలిపోయింది. ఆ నలుపు ఇప్పుడు మోకాలి కిందికి దిగింది. తొడ బయటివైపు వాపు నీళ్లు నింపినట్టు కదులుతోంది. బామ్‌తో మాలిష్ చేయించుకుంటూ రోజుకు నాలుగైదు నొప్పి మాత్రలు వేసుకుంటున్నాను. బీపీకి మందులు వాడతాను. ఎముక విరగలేదు కాబట్టి పరిహారం రాదని సూపర్‌వైజర్ అంటున్నాడు. నిజమేనా? దెబ్బ తగిలిన రోజు తేదీ వేసి ఇప్పుడు సర్టిఫికెట్ ఇస్తారా? డ్యూటీకి ఎప్పుడు వెళ్లొచ్చు? రెండు రోజులుగా మూత్రం ముదురు రంగులో, తక్కువగా వస్తోంది. వేడి చేసిందేమో.

జవాబు: అన్నిటికన్నా ముందు రాయాల్సిన మాట మీరు చివర్లో రాశారు. అది వేడి కాకపోవచ్చు. ఇది చదివిన వెంటనే ల్యాబ్ సౌకర్యం ఉన్న ఆస్పత్రికి వెళ్లండి. సాయంత్రం ఓపీకి కాదు, ఇప్పుడే, ఎమర్జెన్సీకే వెళ్లండి. పరిహారం సంగతి తర్వాత చూద్దాం.

కంగారు ఎందుకంటే, తొడ పెద్ద కండరం. అంతసేపు బరువు కింద నలిగితే కండర కణాలు పగిలి వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలో కలుస్తుంది. దాన్ని వడకట్టే పని కిడ్నీలమీద పడుతుంది. అప్పుడు మూత్రం డికాషన్ రంగులోకి మారుతుంది, తగ్గిపోతుంది కూడా. 1941లో లండన్‌పై బాంబులు పడుతున్న రోజుల్లో శిథిలాల కింద చిక్కుకుని బయటపడ్డవాళ్లలో బైవాటర్స్, బీల్ అనే వైద్యులు దీన్ని గుర్తించి రాశారు. మొదట కోలుకున్నట్టే కనిపించిన మనుషులు రోజుల వ్యవధిలో కిడ్నీలు చెడి చనిపోయారు. మీకు అదే జరిగిందని నేను అనడం లేదు. చూడకుండా అలా అనకూడదు కూడా. కానీ సీకే (కండరం పగిలితే రక్తంలో పెరిగే ఎంజైమ్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం పరీక్షలు, మూత్ర పరీక్ష చేయించకుండా అది కాదని కూడా అనలేను. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, కాబట్టి ఈసీజీ కూడా తీస్తారు. సీకే వేలల్లో ఉంటే సెలైన్ పెట్టి అడ్మిట్ చేసుకుంటారు. ఇంట్లో బిందెడు నీళ్లు తాగేస్తే సరిపోతుందనుకోవద్దు. మూత్రం తగ్గినవాళ్లకు అది కూడా ప్రమాదమే.

ఇక ఆ నొప్పి మాత్రలు. దీనిమీద నేను ఎప్పుడూ కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. రోజుకు నాలుగైదు అన్నారు, ఏ మందో రాయలేదు. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ తిరగేసి వెనక చిన్న అక్షరాలు చదవండి. పేర్లు వేరైనా రెండింటిలోనూ డైక్లోఫెనాకే ఉండడం నేను వారానికోసారైనా చూస్తాను. ఒకటి ఉదయానిది, ఒకటి రాత్రిదని వేసుకునేవాళ్ల లెక్క. రెండూ ఒకే మందని కిడ్నీల లెక్క. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. మీ బీపీ మందుల్లో రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటిది ఉండి, దాంతోపాటు నీరు లాగే మాత్ర కూడా ఉంటే మూడూ కలిసి కిడ్నీని ఇరుకున పెడతాయి. పైన కండరం నుంచి వచ్చే చెత్త ఉండనే ఉంది. నొప్పి మాత్రలు ఇవాళే ఆపండి. బీపీ మందుల్ని మాత్రం మీ అంతట మీరు మానకండి. స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లి ఆస్పత్రిలో చూపించండి, ఏది ఆపాలో వాళ్లు చెబుతారు. రక్తం పలచబడే మందులు వాడే పాఠకులకూ ఇదే వర్తిస్తుంది. చిన్న దెబ్బకే వాళ్లకు లోపల చాలా రక్తం పోగవుతుంది.

నొప్పి మాత్రలతో ఇంకో ఇబ్బంది, అవి మాకు కావలసిన గుర్తును కప్పేస్తాయి. నలిగిన కండరం గట్టి పొర లోపల ఉబ్బి, ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ ఆగిపోయే స్థితి ఒకటుంది. దెబ్బను మించిన నొప్పి, వేళ్లు కదిపినా ప్రాణం పోయినట్టుండడం, బిగుసుకుపోయిన వాపు, తిమ్మిరి దాని గుర్తులు. గంటల్లోనే ఆపరేషన్ చేసి ఆ పొరను తెరవాలి. పాదంలో నాడి తగులుతోంది కదా అని ధైర్యపడకూడదు, అది చాలాసేపు తగులుతూనే ఉంటుంది. మీకు నాలుగు రోజులైంది కాబట్టి ఆ గండం గడిచి ఉండవచ్చు. అయినా పాదం తిమ్మిరెక్కినా, వేళ్లు పైకి లేవకపోయినా దాచకుండా చెప్పండి.

ఆ నీళ్ల సంచిలా కదిలే వాపు సంగతి. చర్మం, కొవ్వు కలిసి కింది పొర నుంచి విడిపోతే ఆ ఖాళీలో రక్తం, నీరు నిండుతాయి. ఎక్స్-రేలో ఇది తెలియదు. అల్ట్రాసౌండ్ లేదా ఎంఆర్ఐ కావాలి. వదిలేస్తే చీము పట్టవచ్చు, చుట్టూ పొర కట్టి నెలల తరబడి ఉండిపోవచ్చు. మాలిష్ ఆపండి. నలిగిన కండరాన్ని పిసికితే మళ్లీ రక్తం కారుతుంది. కొందరిలో ఆ చోట ఎముకలాంటి గట్టి ముద్ద తయారవుతుంది, అది మూడు నాలుగు వారాల తర్వాత గానీ ఎక్స్-రేలో కనిపించదు. నలుపు కిందికి దిగడం గురించి మాత్రం టెన్షన్ అక్కర్లేదు, రక్తం బరువుకి కిందికి జారుతుంది. పిక్క విడిగా వాచి నొప్పి పుడితే వేరే సంగతి, సిరలో గడ్డ కట్టిందేమో చూడాలి.

పరిహారం గురించి చెబుతాను, కానీ నేను వకీలును కాను. నిబంధనలు, గడువులు చోటునిబట్టి మారతాయి. యూనియన్‌నో వకీలునో అడగండి. అయితే ‘ఎముక విరగాలి’ అన్న మాట ఎక్కడిదో నాకు తెలియదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1964లో చేసిన 121వ ఒడంబడికలో లెక్కలోకి తీసుకున్నది పని ప్రమాదంతో వచ్చిన అనారోగ్యం, పని చేయలేకపోవడం, సంపాదన శక్తి పోవడం. ఎక్స్-రేలో గీత కాదు.

పాత తేదీతో సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వకూడదు, మీరు అడగనూ కూడదు. ఒక్క తప్పు తేదీ దొరికితే నిజమైన దెబ్బ కూడా అనుమానంలో పడుతుంది. పరీక్షించిన తేదీ వేసి ‘ఫలానా రోజు పనిలో ఇలా తగిలిందని రోగి చెప్పారు’ అని రాస్తారు. కమిలిన రంగును బట్టి తేదీ చెప్పమంటారు కొందరు. అది కుదరదు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు వరుస పుస్తకంలో బాగుంటుంది, ఒంటిమీద ఒక్కొక్కరిదీ ఒక్కో దారి. అందుకే నేనైతే టేపు తీస్తాను. మోకాలిచిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో రెండు తొడల చుట్టుకొలతా తీసి, నలుపు అంచున పెన్నుతో గీత గీస్తాను. మోకాలు ఎన్ని డిగ్రీలు మడుస్తోందో రాస్తాను. మీ డాక్టర్‌నీ అవి రాయమనండి. మీరు స్కేలు పక్కన పెట్టి రోజూ ఒకే వెలుతురులో ఫొటో తీసుకోండి. ప్రమాదం ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏ ట్రాలీతో జరిగింది, ఎవరు చూశారు అన్నవి రాసి యాజమాన్యానికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. సూపర్‌వైజర్‌కి నోటితో చెప్పి ఊరుకుంటే తర్వాత దాన్ని చూపించడం కష్టం. మొదటి రోజు ఎక్స్-రే చీటీ కూడా దాచండి, మీ దగ్గరున్న తొలి ఆధారం అదే.

డ్యూటీ తేదీ ఇప్పుడే చెప్పలేను. మోకాలు 45 డిగ్రీలు కూడా మడవకపోతే తొడ దెబ్బ తీవ్రమైనదని లెక్క. 90 దాటి సులువుగా మడిస్తే తేలికదే. మీది ఎక్కడుందో మీరు రాయలేదు. రక్తపరీక్ష రిపోర్టులు, క్రియాటినిన్ విలువతో సహా, వచ్చాక మళ్లీ రాయండి. అప్పటిదాకా బరువులు ఎత్తే పనికి వెళ్లకండి. ఆస్పత్రికి తోడు ఒకరిని తీసుకెళ్లండి, బండి మీరు నడపొద్దు.