టెక్ సందేహాలు: పాత బైక్ పలకడం లేదా? ముందు ప్లగ్ విప్పి చూడండి

ప్రశ్న: మా నాన్నగారు నడిపిన 1970ల నాటి సింగిల్ సిలిండర్ ఫోర్‌స్ట్రోక్ బైక్ మూడేళ్లుగా కదలకుండా ఉంది. కొత్త బ్యాటరీ పెట్టాను. ప్లగ్ మార్చాను, కాయిల్ కూడా మార్చాను. ఎంత కిక్ కొట్టినా ‘టప్’మని కూడా అనడం లేదు. ఇక కార్బురేటర్ మార్చేయమంటారా?

జవాబు: వద్దు. లోపం ఎక్కడుందో తేలేదాకా ఇంకే భాగమూ కొనకండి. ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోతే అసలు లోపం అలాగే ఉండిపోతుంది, కొత్తగా వేసినదాంట్లో తేడా ఉంటే దానికి ఇంకొకటి తోడవుతుంది. మీ విషయంలో ఆ అనుమానం నాకు గట్టిగానే ఉంది. ఆ కాలం బైకులు చాలావరకు 6 వోల్టులవి. కాయిల్ అంటే బ్యాటరీ వోల్టేజీని ప్లగ్‌కు కావలసినంతగా పెంచే భాగం. 6 వోల్టుల బండికి 12 వోల్టుల కాయిల్ తగిలిస్తే నిప్పురవ్వ బలహీనంగా వస్తుంది, కొన్నిసార్లు అసలు రాదు. కాయిల్ మీద రాసిన వోల్టేజీ, బ్యాటరీ వోల్టేజీ ఒకటేనా చూడండి. బ్యాటరీ ఏ వైపు ఎర్త్ అయిందో, అంటే బండి లోహపు చట్రానికి కలిపి ఉందో కూడా చూడండి. పాత బ్రిటిష్ బైకుల్లో చాలావాటికి పాజిటివ్ వైపు ఎర్త్ ఉంటుంది. నెగటివ్ అనుకుని తిప్పి బిగిస్తే ఫ్యూజో, రెక్టిఫైయరో (ఏసీ కరెంటును డీసీగా మార్చే భాగం) కాలిపోతుంది.

ఇవి సరిగ్గా ఉంటే అసలు పరీక్ష మొదలుపెట్టండి. ఇంజిన్ పలకాలంటే సమయానికి నిప్పురవ్వ, తగిన పాళ్లలో పెట్రోలు-గాలి, ఆ మిశ్రమాన్ని అదిమిపట్టే కంప్రెషన్ కావాలి. మూడింటిలో ఏది లోపించిందో చెప్పే సాక్షి ప్లగ్. సాఫ్ట్‌వేర్ వాళ్లకు లాగ్ ఫైల్ ఎలాగో, పాత ఇంజిన్‌కు ప్లగ్ అలాగ. చోక్ వేసి నాలుగైదు కిక్‌లు కొట్టి, వెంటనే ప్లగ్ విప్పండి. కొస తడిగా ఉండి పెట్రోలు వాసన వస్తే పెట్రోలు అందుతోంది, ముందు నిప్పురవ్వనే అనుమానించాలి. పొడిగా ఉంటే పెట్రోలే సిలిండర్‌ దాకా రావడం లేదు. మీరు వెతకాల్సిన చోటు ఈ ఒక్క పరీక్షతో సగానికి తగ్గిపోతుంది.

తడిగా ఉందనుకుందాం. పెట్రోలు ట్యాప్ కట్టేయండి. ప్లగ్ రంధ్రానికి గుడ్డ అడ్డం పెట్టండి. లోపలి నుంచి చిమ్మే పెట్రోలు ఆవిరికి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఈ జాగ్రత్త మానకండి. ప్లగ్‌ను క్యాప్‌లో బిగించి, దాని లోహపు ఒళ్లు రంధ్రానికి దూరంగా సిలిండర్ హెడ్‌కు తగిలేలా ఆనించి, కిక్ కొట్టండి. నీలి రంగులో చిటపటలాడే రవ్వ వస్తే మంచిదే. పసుపు రంగులో సన్నగా వచ్చినా, అసలు రాకపోయినా పాయింట్ల వైపు (కాయిల్‌కు వెళ్లే కరెంటును కలుపుతూ, తెంపుతూ ఉండే చిన్న స్విచ్) వెళ్లాలి.

అక్కడికి వెళ్లేముందు పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. బ్యాటరీ-కాయిల్ ఇగ్నిషన్ ఉన్న చాలా పాత బైకులకు హెడ్‌లైట్ పైన అమ్మీటర్ (కరెంటు కొలిచే మీటరు) ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి, కిక్ పెడల్‌ను చేత్తో నెమ్మదిగా కిందికి నొక్కండి. పాయింట్లు కలిసినప్పుడు ముల్లు డిశ్చార్జ్ (బ్యాటరీ ఖర్చవుతోందని చూపే) వైపు కొద్దిగా జరగాలి, విడిపోగానే వెనక్కి రావాలి. ముల్లు కదలకపోతే పాయింట్ల దాకా కరెంటు పోవడం లేదు: వైరో స్విచ్చో తెగి ఉండవచ్చు, పాయింట్ల మీద తుప్పు పొర పట్టి ఉండవచ్చు. ఒకేచోట డిశ్చార్జ్‌లోనే నిలిచిపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా వాటి మధ్య మెరుపులను అణిచే కండెన్సర్ షార్ట్ అయింది. మాగ్నెటో (ఇంజిన్ తిరిగేటప్పుడు తానే కరెంటు పుట్టించే పరికరం) ఉన్న బైకులకు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, వాటికి ఇగ్నిషన్‌కు బ్యాటరీయే అక్కర్లేదు.

మూడేళ్లు ఆగిన బండిలో నేను మొదట అనుమానించేది పాయింట్లనే. కంటికి శుభ్రంగా కనిపించినా పైన సన్నని ఆక్సైడ్ పొర కరెంటును ఆపేస్తుంది. కాంటాక్ట్ క్లీనర్‌లో తడిపిన గట్టి కాగితపు ముక్కను వాటి మధ్య పెట్టి లాగండి. గుంటలు పడి ఉంటే సన్నని ఆకురాయి వాడండి, పొడి మిగలకుండా తుడవండి. ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని లోహపు రేకులు) పాయింట్ల గ్యాప్ చూడండి. చాలా బైకులకు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకె ఖరారు. గ్యాప్ మారితే టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) కూడా జరుగుతుంది కాబట్టి దాన్ని మళ్లీ సరిచూసుకోవాలి. ఆ పక్కనే ఉండే కండెన్సర్ చెడితే పాయింట్ల మధ్య పెద్ద మెరుపులు కనిపిస్తాయి, అవి త్వరగా మాడతాయి. పెట్టెలోంచి తీసిన కొత్త కండెన్సరే పనిచేయకపోవడం కూడా అరుదేమీ కాదు.

ప్లగ్ పొడిగా ఉంటే కథ వేరు. పెట్రోలు నిల్వ ఉంటే తేలికపాటి భాగాలు ఆవిరైపోతాయి. చల్లని ఇంజిన్ అంటుకోవడానికి కావలసినవి అవే. మిగిలినది జిగురుగా మారి పైలట్ జెట్‌ను (ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు అందించే కార్బురేటర్ రంధ్రం) పూడ్చేస్తుంది. చోక్ తీయగానే ఆగిపోయే బండ్ల గొడవ చాలావరకు ఈ చిన్న రంధ్రంలోనే ఉంటుంది. పాత పెట్రోలంతా వంపేయండి. జెట్‌లు విప్పి కార్బ్ క్లీనర్ స్ప్రేతో, గాలి ఒత్తిడితో శుభ్రం చేయండి. తీగతో గుచ్చకండి, రంధ్రం పెద్దదైతే మిశ్రమం శాశ్వతంగా చెడుతుంది. ట్యాంక్ మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినా పెట్రోలు దిగదు. ఇవన్నీ విప్పేముందు ఒక సూటి పరీక్ష: కొన్ని చుక్కల తాజా పెట్రోలు ప్లగ్ రంధ్రంలో వేసి, ప్లగ్ బిగించి కిక్ కొట్టండి. రెండు క్షణాలు పలికి ఆగితే నిప్పు, కంప్రెషన్ బాగున్నాయి. ఇక కార్బురేటర్ విప్పండి.

కంప్రెషన్ చూడటం తేలిక. ప్లగ్ రంధ్రం మీద వేలు గట్టిగా నొక్కి, ఇగ్నిషన్ ఆఫ్‌లో కిక్ కొడితే వేలిని నెట్టేయాలి. నెట్టకపోతే ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ సిలిండర్‌లో వేసి మళ్లీ చూడండి. మెరుగుపడితే పిస్టన్ రింగుల లోపం, మార్పు లేకపోతే వాల్వులు.

ప్రశ్న: నా టూ-స్ట్రోక్ పాత బైక్ పొద్దున చక్కగా స్టార్ట్ అవుతుంది. పది కిలోమీటర్లు వెళ్లాక ఆగిపోతుంది. అరగంట చల్లారాక మళ్లీ మామూలే. ఎందుకిలా?

జవాబు: వేడెక్కితే చెడే భాగం ఉందన్నమాట. ఎక్కువసార్లు అది కండెన్సర్ లేదా కాయిల్. చల్లారాక పరీక్షిస్తే రెండూ బాగానే కనిపిస్తాయి, అందుకే మెకానిక్ దగ్గర లోపం దొరకదు. బండి ఆగిన చోటే, ఆగిన నిమిషంలోనే ప్లగ్ విప్పి నిప్పురవ్వ చూడాలి. రవ్వ లేకపోతే కండెన్సర్ ముందు మార్చండి, చవకైనది అదే. రవ్వ బాగుంటే ట్యాంక్ మూత తెరిచి కిక్ కొట్టండి, వెంటనే పలికితే గాలి రంధ్రం మూసుకుపోయింది. ఈ రెండూ కాకపోతే క్రాంక్ సీళ్లు (ఇంజిన్‌లోని క్రాంక్ ఇరుసు చివర గాలి చొరకుండా ఆపే రబ్బరు వలయాలు) చూపించాలి. అవి అరిగితే బయటి గాలి లోపలికి చొరబడి మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది, ఇంజిన్ అతిగా వేడెక్కుతుంది. ఆ స్థితిలో బండి నడపకండి, పిస్టన్ పట్టేస్తుంది.

ప్రశ్న: ఫోన్‌కు కనెక్ట్ అయ్యే ఓబీడీ స్కానర్ కొంటే పాత బైక్ లోపాలు తెలుస్తాయా?

జవాబు: తెలియవు. స్కానర్ చదివేది ఇంజిన్ కంట్రోల్ కంప్యూటర్ దాచుకున్న ఎర్రర్ కోడ్‌లను. పాయింట్ల ఇగ్నిషన్‌లో కంప్యూటరే లేదు. అమెరికా ఇంజినీర్ చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో కార్ల కోసం తీర్చిదిద్దిన బ్యాటరీ, కాయిల్, పాయింట్ల పద్ధతినే మీ బైక్ వాడుతోంది. ఆ డబ్బుతో డిజిటల్ మల్టీమీటర్ కొనండి. 12 వోల్టుల కాయిల్ ప్రైమరీ రెసిస్టెన్స్ సాధారణంగా 3 నుంచి 4 ఓమ్‌లు, 6 వోల్టులదైతే సుమారు 1.5 నుంచి 2. తెగిన వైర్లు కూడా దానితోనే పట్టుకోవచ్చు. ఫోన్‌నే వాడాలని ఉంటే ఓటీజీ కేబుల్‌తో పనిచేసే సన్నని ఎండోస్కోప్ కెమెరా మేలు. చాలా ప్లగ్ రంధ్రాలు 14 మిల్లీమీటర్లవే, 5.5 మిల్లీమీటర్ల కెమెరా సులభంగా దూరుతుంది. పిస్టన్ తలపై మసి, సిలిండర్ గోడ గీతలు, ట్యాంక్ లోపలి తుప్పు దానితో కనిపిస్తాయి. ట్యాంక్‌లోకి దించేముందు పెట్రోలంతా వంపేసి, ఆవిరి పూర్తిగా పోనివ్వండి.