ధ్రువపత్రం హాలుకు ఇస్తారు, అబ్బాయికి కాదు

ప్రశ్న: మాది అనంతపురం. మా అబ్బాయి ఈసీఈ డిప్లొమా పూర్తి చేశాడు. రెండేళ్లుగా సాయంత్రాలు వాళ్ల మేనమామ పనిచేసే సినిమా హాలులో ప్రొజెక్టర్ గదికి వెళ్తున్నాడు. మొన్న మాటలు సరిగా వినపడడం లేదని జనం గొడవ చేస్తే, మధ్య స్పీకరు తీగనూ ఎడమ స్పీకరు తీగనూ ఒకదానికొకటి మార్చి చూసి లోపం వాడే పట్టుకున్నాడట. ఇప్పుడు పెద్ద తెర థియేటర్ల నాణ్యత ధ్రువీకరణ మీద ఆరు నెలల కోర్సు చేస్తానంటున్నాడు. ఫీజు 2.20 లక్షలు. పూర్తి చేస్తే ఐమాక్స్, డాల్బీ హాళ్లలో 'సర్టిఫికేషన్ ఇంజినీర్' అవుతాడని చెప్పారు. ఇది మంచిదా, బీటెక్ మంచిదా? సినిమా హాలులో ఉద్యోగమంటే బంధువులు ఏమనుకుంటారోనని దిగులుగానూ ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో అసలు ప్రశ్న చివరి వాక్యంలో ఉంది. 'ప్రొజెక్టర్ ఆపరేటర్' అంటే మీకు తలవంపులు, 'సర్టిఫికేషన్ ఇంజినీర్' అంటే గౌరవం. ఆ పేరు కోసమే 2.20 లక్షలు కట్టడానికి సిద్ధపడుతున్నారు. కోర్సు పేరు ఏటా మారుతుంది గానీ, ఈ దిగులుతో నాకు ప్రతి వేసవిలోనూ ఉత్తరాలు వస్తాయి.

ధ్రువీకరణ అనేది హాలుకు జరుగుతుంది. 1983లో అమెరికాలోని లూకాస్‌ఫిల్మ్ సంస్థ టీహెచ్‌ఎక్స్ పేరుతో దీన్ని మొదలుపెట్టింది. స్టూడియోలో దర్శకుడు విన్న ధ్వనే ఊళ్లో ప్రేక్షకుడికీ వినపడాలన్నది దాని ఉద్దేశం. ఏసీ రొద ఎంత ఉంది, పక్క హాలు చప్పుడు గోడ దాటి వస్తోందా, ఆఖరి వరుసలో కూర్చున్నవాళ్లకు తెర ఎంత కోణంలో కనిపిస్తోంది, ఇవన్నీ కొలిచి, సరిపోతేనే ఆ పేరు వాడుకోనిస్తారు. ఐమాక్స్, 'డాల్బీ సినిమా' అనే పేరున్న హాళ్ల పద్ధతి వేరు. అక్కడ హాలు నమూనా మొదలుకొని యంత్రాల దాకా అంతా ఆ సంస్థలు చెప్పినట్టే ఉండాలి. ఇక పెద్ద తెర హాళ్లకు వాడే 'ప్రీమియం లార్జ్ ఫార్మాట్' అన్న మాటకైతే అందరూ ఒప్పుకున్న ఒకే కొలత లేదు. పెద్ద తెర వేసి తమ సొంత పేరు పెట్టుకున్న హాళ్లూ ఆ మాటే వాడుకుంటాయి.

అందుకే కోర్సు నడిపేవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి. మీరిచ్చే ధ్రువపత్రాన్ని గుర్తిస్తున్నట్టు ఏ సంస్థ రాసి ఇచ్చింది? ఆ కాగితం చూపించమనండి. గోడ మీద ఐమాక్స్ బొమ్మ చూపిస్తే లేచి వచ్చేయండి.

ఆ కాగితం నిజంగా ఉన్నా నా సందేహం తీరదు. ఐమాక్స్ హాళ్లలో మైకులు అమర్చి ఉంటాయి, యంత్రమే రోజూ తన ధ్వనిని సరిచూసుకుంటుంది. సంస్థ మనుషులు ఎక్కడో దూరాన కూర్చుని గమనిస్తుంటారు. అలాంటి చోట్ల మనుషులతో పని తగ్గుతుందే గానీ పెరగదు. పైగా పేర్లు శాశ్వతం కావు. హైదరాబాద్‌లో ప్రసాద్స్ 2003లో ఐమాక్స్‌గా మొదలైంది. తర్వాత ఆ పేరు పోయింది, పెద్ద తెర మాత్రం అక్కడే వేరే పేరుతో నడుస్తోంది. ఒక్క కంపెనీ పేరు మీదే బతుకు కట్టుకున్నవాడు అలాంటి రోజున ఏం చేయాలి? సూళ్లూరుపేటలో 2019లో వంద అడుగులు దాటిన తెర వచ్చింది కదా, రేపు అనంతపురంలోనూ వస్తుందని మీకు చెప్పే ఉంటారు. రావచ్చు, సంతోషమే. కానీ సూళ్లూరుపేట చెన్నై దారిలో ఉంది, ఆ నగరం నుంచీ జనం వస్తారు. ఒక ఊరిని చూపించి వంద ఊళ్ల ఉద్యోగాలు అమ్మేవాళ్లంటే నాకు కోపం.

ఇప్పుడు మీ మీద కోపం. అబ్బాయి చేసిన పనిని ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశారు. అదేమిటో మీకు తెలుసా? సంభాషణలు ఎక్కువగా తెర వెనక మధ్య స్పీకరులోంచి వస్తాయి. అందులో పై శ్రుతులు పలికే 'హారన్' అనే భాగం ఆగిపోతే స, శ, చ లాంటి అక్షరాల అంచులు పోయి, మాట దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపిస్తుంది. అప్పుడు అందరూ చేసేది వాల్యూమ్ పెంచడం. మీ అబ్బాయి తీగలు మార్చి చూశాడు. లోపం ఎడమ పక్కకు కదిలితే తప్పు యాంప్లిఫైయర్ వైపుది, మధ్యలోనే ఉండిపోతే స్పీకరుది. ధ్రువీకరణకు వచ్చే నిపుణుడూ ఇలాగే ఆలోచిస్తాడు. హాలులో మూడింట రెండు వంతులు వెనక్కి మైకు నిలబెట్టి, వాన హోరులాంటి శబ్దం ఒక్కో స్పీకరులోంచి పంపి, 85 డెసిబెళ్లు వస్తోందా అని చూస్తాడు. తెల్లటి తెర నడిమధ్య వెలుగు కొలుస్తాడు. మామూలు డిజిటల్ ప్రదర్శనకు 14 ఫుట్ లాంబర్టులు (తెర వెలుగు కొలమానం) ఉండాలి. 'డాల్బీ సినిమా' హాలులో అది 31 దాకా వెళ్తుంది. ఈ అంకెలు ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు. తప్పు ఎక్కడుందో వెతికే ఓపిక మాత్రం ఆరు నెలల్లో రాదు. అది మీ ఇంట్లో ఇప్పటికే ఉంది. రెండేళ్లలో ఒక్కసారైనా ఆ గది మెట్లెక్కి చూశారా?

డిప్లొమా చదివినవాళ్లు బీటెక్‌లో చేరడానికి రాసే ఈసెట్ వివరాలు మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. ర్యాంకు వస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేర్పించండి. ఈసీఈ చదివినవాడికి హాళ్లతో పాటు టీవీ స్టూడియోలు, సభామందిరాల ధ్వని పనులు, ఆసుపత్రి పరికరాలు కూడా తలుపు తెరుస్తాయి. సాయంత్రాలు హాలుకు వెళ్తానంటే వెళ్లనివ్వండి. డిగ్రీ తర్వాత ధ్వని మీదే మనసుంటే పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ అనే సినిమా శిక్షణ సంస్థలు ఉన్నాయి. ఇంటర్ బదులు డిప్లొమా చదివాడు కాబట్టి అర్హత నిబంధనలు ముందే చూసుకోవాలి. ర్యాంకు రాకపోయినా, చదవనన్నా కంగారు పడకండి. ప్రొజెక్టర్లు, స్పీకర్లు అమర్చి మరమ్మతు చేసే సంస్థల్లో శిక్షణార్థిగా చేరవచ్చు. మొదట జీతం తక్కువ. రాత్రి ఆఖరి ఆట అయ్యాక మొదలుపెట్టి ఉదయం ఆటలోపు ముగించే పని అది, ఊళ్లు తిరగాలి. కష్టమే గానీ చేతిలో విద్య నిలుస్తుంది, కంపెనీ మారినా వెంట వస్తుంది.

బంధువుల సంగతి అడిగారు. మా అబ్బాయి సినిమా హాలులో సౌండ్ చూస్తాడని మీరు తడబడకుండా చెబితే, వాళ్లు వెంటనే ఏ హాలు, ఏ సినిమా అని అడుగుతారు. మీరు గొంతు తగ్గించి చెబితేనే జాలిపడతారు.

కోర్సుకు అడ్వాన్సు కట్టి ఉంటే, రసీదు పట్టుకెళ్లి రేపే వాపసు అడగండి. ఈ ఆదివారం అబ్బాయితో కలిసి హాలుకు వెళ్లి, ఆ మధ్య స్పీకరు ఎక్కడుందో చూపించమనండి.